పేరు గొప్ప – ఊరు దిబ్బేనా?

పిల్లలూ, ఈ ఏడాది ఆగస్టులో తొమ్మిదో తరగతి తెలుగు పీరియడులో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాం.

ప్రతి శుక్రవారం మా క్లాసులో 'మూడు నిమిషాల మాట' అని ఒకటి ఉంటుంది. వంతు వచ్చినవారు తమకు ఇష్టమైన విషయం మీద మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. ఆ వారం వంతు విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిది. నాన్నగారిది నౌకాదళంలో ఉద్యోగం. ఆమెకు ఇది నాలుగో బడి. 'నాకు ఇష్టమైన బ్యాండు – కోల్డ్‌ప్లే' అని బోర్డు మీద రాసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నిమిషం గడిచిందో లేదో, వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది: "ఓవర్‌రేటెడ్!" క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి చేతిలోని కాగితం మడిచి, "అంతే టీచర్" అని కూర్చుంది. ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

ఆ మాట అన్న అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. పాటలు బాగా వింటాడు. గిటారు నేర్చుకుంటున్నాడు. పైగా అతనన్నది అబద్ధమని కూడా మేము అనలేం. కోల్డ్‌ప్లే అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. 'ఇంత హడావుడికి తగ్గ సరుకు లేదు' అనే సంగీతాభిమానులకూ తక్కువ లేదు. బీటిల్స్, లెడ్ జెప్లిన్, క్వీన్, యూటూ – ఈ మాట పడని పెద్ద బ్యాండు ఒక్కటీ లేదు. పేరున్నచోట పెదవి విరుపు కూడా ఉంటుంది. మరి మా అభ్యంతరం దేని మీద? అదే చెప్పాలని ఈ వ్యాసం.

ఆ రోజు పాఠం పక్కన పెట్టి, 'ఓవర్‌రేటెడ్' అన్న మాటకు తెలుగు చెప్పమని అడిగాం. "బిల్డప్ ఎక్కువ" అన్నారు ఒకరు. "పైన పటారం, లోన లొటారం" అంది ఇంకో అమ్మాయి. అది వాళ్ళ నాయనమ్మ మాటట. జంగ్లీఘాట్ నుంచి వచ్చే ఒక అబ్బాయి మాత్రం "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నాడు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆ సామెత మూడు తరాలుగా సముద్రం ఇవతల కూడా బతికే ఉందన్నమాట.

ఆ సామెతను ఒకసారి నిదానంగా చూడండి. పేరు అందరికీ వినబడుతుంది. ఎక్కడున్నా వినబడుతుంది. కానీ ఊరు దిబ్బ అని తెలియాలంటే ఏం చేయాలి? ఆ ఊరు వెళ్ళాలి. బస్సు దిగాలి. వీధులు తిరగాలి. అప్పుడు కదా 'అబ్బే, ఇదా ఆ ఊరు!' అనగలం. ఊరికి వెళ్ళకుండా, పేరు విని మురిసిపోయేవాడూ, పేరు విని మూతి విరిచేవాడూ – ఇద్దరూ ఒకటే. ఇద్దరికీ ఊరు తెలియదు.

ఈ విషయం మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి? మనం బదిలీల ఇళ్ళలో పుట్టి పెరుగుతున్నవాళ్ళం. మన ఇళ్ళలో ఆర్డరు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఊరి పేరు వినగానే చుట్టాలూ పక్క క్వార్టర్లవాళ్ళూ తీర్పులు మొదలుపెడతారు. మాకు అండమాన్ అని తెలిసిన రోజు సగం మంది "అదృష్టవంతులు, రోజూ బీచే!" అన్నారు. మిగతా సగం "అయ్యో, కాలాపానీకా!" అన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఇక్కడికి వచ్చినవారు కాదు. వచ్చాక చూస్తే రెండూ కాదు. ఏడాదిలో సగానికి పైగా వాన. ఓడ ఆలస్యమైతే కూరగాయల ధర చెట్టెక్కుతుంది. మరోవైపు, అబెర్డీన్ బజారులో ఏ కొట్టు ముందు నిలబడినా తెలుగు మాట చెవిన పడుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో వందకు సుమారు పదమూడు మంది మాతృభాష తెలుగేనన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. పొగిడినవాళ్ళూ చెప్పలేదు, జాలిపడ్డవాళ్ళూ చెప్పలేదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా మారింది కూడా. పేరు మారినా వాన మాత్రం అలాగే కురుస్తోంది.

ఊళ్ళ విషయంలో ఇంత అనుభవం ఉన్న మనం పాటల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతాం? అదే మాకు అర్థం కాదు.

సరే, పెద్ద పేరున్న బ్యాండ్లు నిజంగానే కొందరికి చప్పగా అనిపిస్తాయి. ఎందుకు? మాకు తోచిన కారణాలు చెబుతాం.

మొదటిది తిరునాళ్ళ హోరు. కోల్డ్‌ప్లే 2025 జనవరిలో మన దేశానికి వచ్చింది. ముంబయిలో మూడు రాత్రులు, అహ్మదాబాద్‌లో రెండు రాత్రులు పాడింది. 2024 సెప్టెంబరు 22న టికెట్లు అమ్మకానికి పెట్టగానే లక్షలమంది ఒక్కసారిగా మీద పడ్డారు. వెబ్‌సైటు మొరాయించింది. దొరికిన టికెట్లను కొందరు ఎన్నో రెట్లు ధరకు మళ్ళీ అమ్మజూపారు. నాలుగు నెలలు పత్రికల్లో, ఫోన్లలో అదే మాట. ఇంత ఎదురుచూపు తర్వాత ఏ పాట విన్నా 'ఇంతేనా' అనిపించడం సహజం. పెళ్ళి భోజనం గురించి నెల రోజులు ఊరిస్తే, తీరా విస్తరి ముందు కూర్చున్నాక గుత్తివంకాయ కూర కూడా మామూలుగానే ఉంటుంది. అది వంకాయ తప్పు కాదు.

రెండోది, అడగకుండా నెత్తిన పెట్టడం. 2014 సెప్టెంబరు 9న ఐర్లండుకు చెందిన యూటూ బ్యాండు తన కొత్త ఆల్బమ్‌ను ఆపిల్ సంస్థతో కలిసి దాదాపు 50 కోట్ల మంది ఖాతాల్లోకి ఉచితంగా పంపింది. ఎవరినీ అడగలేదు. 'ఉచితంగా ఇస్తే సంతోషిస్తారు' అనుకున్నారు. జరిగింది వేరు. చాలామందికి కోపం వచ్చింది. 'నా ఫోనులోకి నన్ను అడగకుండా ఎవరు రమ్మన్నారు' అన్నారు. ఆ ఆల్బమ్‌ను తీసేసుకోవడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ బ్యాండు గాయకుడు బోనో క్షమాపణ చెప్పాడు. ఆ పాటలు మంచివా కావా అన్న చర్చకు చోటే లేకపోయింది. పిలవని పేరంటానికి వెళ్ళినవారి పట్టుచీర ఎంత బాగున్నా ఎవరూ మెచ్చుకోరు కదా.

మూడోది, మొదట నడిచినవారికి వచ్చే చిక్కు. బీటిల్స్ పాట వినిపిస్తే మీలో చాలామంది "మామూలుగానే ఉంది టీచర్" అంటారు. నిజమే, ఇవాళ మామూలుగానే ఉంటుంది. 1965లో వాళ్ళు ఒక ఇంగ్లీషు పాటలో సితారు వాయించినప్పుడు అది అక్కడి కుర్రకారుకు కొత్త. జార్జ్ హారిసన్ తర్వాత రవిశంకర్ గారి దగ్గర సితారు నేర్చుకున్నాడు. 1968లో నలుగురూ రిషీకేశ్ వచ్చారు. అరవై ఏళ్ళలో ఆ దారిన ఎంతమంది నడిచారంటే, ఇప్పుడు సినిమా పాటలో గిటారూ సితారూ కలిసి వినిపిస్తే ఎవరూ తలెత్తి చూడరు. కాలిబాట రోడ్డయ్యాక, మొదట ముళ్ళు తొలగించినవాడు ఎవరికీ గుర్తుండడు.

నాలుగోది ఇంట్లో జరుగుతుంది. నాన్నగారు కాలేజీ రోజుల్లో విన్న పింక్ ఫ్లాయిడ్‌ను మీ ముందు పెట్టి "ఇదిరా సంగీతమంటే! మీ పాటలూ ఒక పాటలేనా?" అంటారు. అక్కడితో ఆ బ్యాండు మీకు శత్రువైపోతుంది. నాన్నగారు వినిపించేది ఆ పాట ఒక్కటే కాదు, అందులో ఆయన ఇరవయ్యో ఏడు కూడా ఉంది. మీకు పాట వినబడుతుంది కానీ ఆ ఏడు వినబడదు. నాన్నలకు కూడా ఈ పత్రిక అందుతుంది కాబట్టి వారికీ ఒక మాట – పొగడ్త తక్కువ చేసి పాట మాత్రం పెట్టి చూడండి.

ఇలా చూస్తే, 'ఓవర్‌రేటెడ్' అన్న మాట చాలాసార్లు పాట గురించి కాదు. పాట చుట్టూ ఉన్న హోరు గురించి. ఆ రెండింటినీ విడదీయడం రావాలి.

మరి తీర్పు ఎవరిని నమ్మి చెప్పాలి? పండితులనా? లండన్‌లో డెకా అనే పెద్ద రికార్డు కంపెనీ 1962 జనవరి 1న బీటిల్స్‌తో పాడించి చూసి, వద్దని పంపేసింది. అదే ఏడాది మరో కంపెనీ వాళ్ళను తీసుకుంది. తర్వాతి కథ అందరికీ తెలుసు. లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్ 1969లో వచ్చినప్పుడు అమెరికాలో పేరున్న రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని తీసిపారేసింది. క్వీన్ బ్యాండు 1975లో దాదాపు ఆరు నిమిషాల పాట ఒకటి తెస్తే, 'ఇంత పొడుగు పాట రేడియోలో ఎవరు వేస్తారు' అన్నారు. 'బొహీమియన్ రాప్సొడీ' అనే ఆ పాట బ్రిటన్‌లో వరసగా తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

అయితే జనాన్ని నమ్ముదామా? 1970లలో స్కాట్లండు నుంచి బే సిటీ రోలర్స్ అనే బ్యాండు వచ్చింది. బ్రిటన్‌లో మీ వయసు పిల్లలు వాళ్ళలా గళ్ళ బట్టలు కట్టుకుని, వాళ్ళు కనిపిస్తే కేకలు పెట్టి, మూర్ఛపోయేవాళ్ళు. ఇవాళ ఆ పేరు ఇదే మొదటిసారి వింటున్నామని మీలో చాలామంది ఒప్పుకుంటారు. జనం హోరు కూడా ఆటుపోటు లాంటిదే. కార్బిన్స్ కోవ్ దగ్గర పొద్దున నిలబడ్డ చోట సాయంత్రం నీళ్ళుంటాయి, లేదా నీళ్ళున్న చోట ఇసుక ఉంటుంది.

మన తెలుగులో సంగతి ఇంకొంచెం వేరు. మనకు సినిమా పాట ఉన్నంత బలంగా బ్యాండు పాట లేదు. హైదరాబాద్‌లో చౌరస్తా అనే బ్యాండు గిటారు మీద మన పల్లె మాటను కూర్చి పాడింది. అందులో పాడిన రామ్ మిరియాల గొంతు 2021లో 'జాతిరత్నాలు' సినిమాలోని చిట్టి పాటతో ఊరూరా మోగింది. ఆ పాట నచ్చిన పిల్లల్ని మేము అడిగాం – ఆ గాయకుడి బ్యాండు పాటలు ఎప్పుడైనా విన్నారా అని. పదిమందిలో ఒక్కరు చెయ్యెత్తారు. గొంతు అదే. మారింది ముద్ర. సినిమా ముద్ర పడితేనే వింటాం, పడకపోతే వినం. ముద్ర చూసి మెచ్చుకోవడం ఒక అలవాటు. ఆ ముద్ర మరీ పెద్దదైతే 'ఓవర్‌రేటెడ్' అనడం ఇంకో అలవాటు. రెండింటిలోనూ చెవికి పని లేదు.

ఇక్కడ మా తప్పులు రెండు చెప్పుకోవాలి. ఊరికే నీతులు చెబితే మీరు వినరని మాకు తెలుసు.

మొదటిది బీఈడీ హాస్టల్లో చేసింది. మేము తెలుగు మీడియంలో చదివి, చిన్న ఊరు నుంచి వెళ్ళినవాళ్ళం. గదిలో మిగతా ముగ్గురూ పింక్ ఫ్లాయిడ్ గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మమ్మల్ని అడిగితే "అబ్బో, అద్భుతం" అనేవాళ్ళం. ఒక్క పాట కూడా పూర్తిగా వినలేదు. విన్నవి అర్థం కాలేదు. 'నాకు తెలియదు' అంటే పల్లెటూరివాళ్ళమని నవ్వుతారని భయం. ఏడాది పొడుగునా తల ఊపుతూనే ఉన్నాం. కొత్త బడిలో చేరిన మొదటి వారం మీలో ఎంతమంది ఇలాగే తల ఊపుతారో మాకు తెలుసు. "ఏ బ్యాండు వింటావు?" అన్న ప్రశ్న మన పిల్లలకు గేటు దగ్గర చూపించాల్సిన పాసు లాంటిది. జవాబు తప్పితే మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చోవాలి.

రెండోది పెద్ద తప్పు. మేము మధ్య భారతంలో ఒక కంటోన్మెంటు ఊళ్ళో పనిచేస్తున్నప్పటి మాట. పదో తరగతికి 'నాకు నచ్చిన కవి' అని వ్యాసం ఇచ్చాం. అందరూ పుస్తకంలో ఉన్న కవుల గురించే రాశారు. ఒక అబ్బాయి మాత్రం లింకిన్ పార్క్ అనే అమెరికా రాక్ బ్యాండు గురించి రాశాడు. వాళ్ళ పాటల్లో ఒకరు మాట్లాడుతున్నట్టు పాడతారు, ఇంకొకరు గొంతు చించుకుంటారు. ఆ అబ్బాయి ఇలా రాశాడు: "ఒకరు మామూలుగా చెబుతూ ఉంటే ఇంకొకరు అరుస్తారు. బదిలీ ఆర్డరు వచ్చిన రోజు మా ఇల్లు కూడా అలాగే ఉంటుంది." మేము 'అరుస్తారు' అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'అరుపు కవిత్వం కాదు' అని రాశాం. పదికి నాలుగు మార్కులు వేశాం. ఆ బ్యాండు పాట అప్పటికి మేము ఒక్కటి కూడా వినలేదు. ఎవరో 'ఉత్త గోల' అనగా విన్నాం, అంతే.

ఆ తర్వాత ఆ అబ్బాయి వ్యాసాలన్నీ గైడులో ఉన్నట్టే ఉండేవి. ఒక్క సొంత వాక్యం ఉండేది కాదు. మాకు అది తెలిసేసరికి మార్చి వచ్చింది. పరీక్షలయ్యాయి. వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. టీసీ కోసం వచ్చినప్పుడు ఆఫీసు కిటికీ దగ్గర కనిపించాడు. చెబుదామనుకున్నాం. లోపల నుంచి పిలుపు వచ్చింది. తిరిగి వచ్చేసరికి వెళ్ళిపోయాడు. మామూలు ఊళ్ళో అయితే రేపో ఎల్లుండో సందులో ఎదురుపడతారు, మాట కలుస్తుంది. మన జీవితాల్లో రేపు ఉండదు. అందుకే మనం ఒకరినొకరు అనే మాటల విషయంలో మిగతావారికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మన క్లాసులో అన్న మాటను సరిదిద్దుకునే అవకాశం ఏప్రిల్ దాకానే.

బుర్రకథ పాఠం ఏటా చెబుతాం మేము. కథకుడు కథ చెబుతుంటాడు, పక్కన ఇద్దరు వంత పాడుతూ, నవ్విస్తూ, ఎదురు ప్రశ్నిస్తూ ఉంటారు. ఒక గొంతు చెప్పడం, ఇంకో గొంతు ఉలిక్కిపడటం మనకు కొత్తేమీ కాదు. ఆ అబ్బాయి పట్టుకున్నది అదే. చూడలేకపోయింది మేము.

ఆ తర్వాత షిల్లాంగ్ వెళ్ళాం. అక్కడ లూ మజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజు పాటల పండుగలా జరుపుతున్నాడు. 2016లో డిలాన్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈసారి మేము నేరుగా విన్నాం. నచ్చలేదు. "ముక్కుతో పాడుతున్నాడు" అన్నాం. తోటి ఉపాధ్యాయుడొకరు నవ్వి, "గొంతు కోసం వెళ్తే నిరాశే. మాటల కోసం వెళ్ళండి" అన్నారు. పాటల మాటలు కాగితం మీద చదివి, మళ్ళీ విన్నాం. గొంతు ఇప్పటికీ నచ్చదు. కానీ ఎందుకు గొప్పంటారో తెలిసింది. ఊరికి వెళ్ళడమే కాదు, ఏ దారిన వెళ్ళామన్నది కూడా లెక్కేనని అప్పుడు అర్థమైంది.

ఇక ఈ దీవులకు వద్దాం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఇక్కడ ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే నడిచేది. పాట ఒకటి దిగుమతి కావాలంటే గంటలు పట్టేదని పాత సిబ్బంది చెబుతారు. సెలవులకు వెళ్ళినవాళ్ళు పెన్‌డ్రైవ్‌లో, మెమరీ కార్డులో నింపుకొచ్చేవారట. ఒక కార్డు ఇంటింటికీ తిరిగేది. పాట ఇక్కడికి వచ్చేసరికి ముఖ్యభూమిలో దాని గురించిన హడావుడి అయిపోయి ఉండేది. పోస్టర్లు లేవు, లెక్కలు లేవు, తగవులు లేవు. ఓడ దిగేది ఉత్త పాటే. బాగుంటే నిలిచేది, లేకపోతే దాని మీద ఇంకో పాట ఎక్కించేవారు.

మేము ఇక్కడికి విశాఖ నుంచి ఓడలోనే వచ్చాం. రెండున్నర రోజుల ప్రయాణం. తీరం దాటిన కొన్ని గంటలకే ఫోనుకు సిగ్నల్ పోయింది. ఫోనులో దాచుకున్న పాటలే దిక్కు. మొదటి రోజు రాత్రి ఎంతో గొప్పగా అనిపించిన పాట రెండో రోజు మధ్యాహ్నానికి విసుగు పుట్టించింది. ఏదో ఉందిలే అని పెట్టుకున్న పాట మూడో రోజు పొద్దున, దూరంగా దీవుల పచ్చదనం కనబడుతుండగా, మళ్ళీ మళ్ళీ వినాలనిపించింది. పక్కన 'ఇది గొప్పది, ఇది చెత్త' అని చెప్పేవారు లేకపోతే చెవి తన పని తాను చేసుకుంటుందని ఆ ఓడలో తెలుసుకున్నాం.

అందుకే మా క్లాసులో ఒక నియమం పెట్టుకున్నాం. దానికి పిల్లలు పెట్టిన పేరు 'ఓడ పరీక్ష'. ఎంత పేరున్న బ్యాండైనా సరే, ఎంత తిట్లు తిన్న బ్యాండైనా సరే, ముందు ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఆ తర్వాత మూడు రోజులు దాని గురించి ఎవరు ఏమన్నారో చదవకూడదు, ఎవరినీ అడగకూడదు. మూడో రోజు మళ్ళీ వినాలి. అప్పుడు చెప్పండి – బాగుందా, లేదా? బాగాలేదంటే ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆ రెండు వాక్యాలు పాట గురించి ఉండాలి, పాట వినేవారి గురించి కాదు. 'నీకు నచ్చిందా, అయితే నువ్వింతే' అన్న మాటకు మా క్లాసులో చోటు లేదు.

ఇంకో మాట. మీకు ప్రాణమైన బ్యాండును ఎవరైనా కాదంటే యుద్ధానికి వెళ్ళకండి. లక్షలమంది అభిమానులున్న బ్యాండుకు మన కాపలా అవసరం లేదు. అలాగే అందరికీ నచ్చింది మీకు నచ్చకపోతే, మేము హాస్టల్లో ఊపినట్టు తల ఊపకండి. 'నాకు ఎక్కలేదు' అనడానికి సిగ్గుపడకండి. లోకో భిన్నరుచిః అని పెద్దలు ఊరికే అనలేదు.

తర్వాతి శుక్రవారం ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచాం. "నీవి ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి" అన్నాం. ముందు ఆ అబ్బాయిని తన రెండు వాక్యాలు చెప్పమన్నాం. అతను నిజంగానే విని వచ్చాడు. "ఎక్కువ పాటలు మెల్లగా మొదలై, మధ్యలో పెద్దవై, చివర్లో అందరూ 'ఓ' అని గొంతు కలిపేలా ఉన్నాయి. నాలుగు పాటల తర్వాత ముందేం వస్తుందో తెలిసిపోతోంది" అన్నాడు. మంచి విమర్శ. మాకు ముచ్చటేసింది.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: "అవును, తెలిసిపోతుంది. అందుకే నాకు ఇష్టం. మాకు ముందేం వస్తుందో ఎప్పుడూ తెలియదు కదా. జనవరి 26న అహ్మదాబాద్ కచేరీ టీవీలో ప్రత్యక్షంగా వచ్చింది. నాన్న ఓడ మీద ఉన్నారు. అమ్మ, నేను, తమ్ముడు నేల మీద కూర్చుని చూశాం. ఆ పాటలు వస్తుంటే తమ్ముడు కూడా పాడాడు. వాడికి ఇంగ్లీషు రాదు, ఆ 'ఓ' మాత్రం వచ్చు. రెండు నెలల తర్వాత టీసీలు తీసుకున్నాం. ఆ ఇంట్లో మేం కలిసి పాడింది అదొక్కసారే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయి "పాటల మీద నా మాట నాదే" అన్నాడు. ఆమె "సరే" అంది. అతని మాట మారాలని మేమూ అనుకోలేదు. ఆమె మూడు నిమిషాలూ పూర్తయ్యాయి, మాకు అది చాలు.

చివరగా ఒక మాట, ఇది మా క్లాసు పిల్లలకు కాదు. ఈ పత్రిక చేతులు మారుతూ ఎన్నో ఊళ్ళు వెళుతుంది. కంటోన్మెంటు ఊళ్ళో ఆ వ్యాసం రాసిన అబ్బాయి ఇప్పుడు ఎక్కడో ఉద్యోగంలో ఉండి ఉంటాడు. బహుశా అతనికీ బదిలీలు ఉంటాయి. నాయనా, నువ్వు రాసిన బ్యాండు మొదటి ఆల్బమ్‌ను మేము ఓడ పరీక్ష పెట్టి విన్నాం. పన్నెండు పాటలు. మూడు బాగా నచ్చాయి. మిగతావి ఇప్పటికీ మా చెవికి గోలగానే ఉన్నాయి. కానీ ఈసారి విన్నాకే అంటున్నాం. నీ వాక్యం మాత్రం అప్పుడే పదికి పది. ఆలస్యంగా వేస్తున్నాం, ఏమీ అనుకోకు.